ఫార్మలిన్‌లో చచ్చిపోతున్న గుంటూరు కడుపు

గుంటూరులో కడుపుమంటకి ముద్దాయి ఎప్పుడూ మిరపకాయే. విచారణ ఉండదు, సాక్షులు ఉండరు. "కారం తగ్గించండి" అంటాడు డాక్టరు. "ఆ గొడ్డుకారం మానరా అంటే వింటేగా" అంటుంది ఇంట్లో అమ్మ. హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువైతే పచ్చడి జాడీలు చూసి, మీకింకా కడుపులు మిగిలాయా అని నవ్వుతాడు. కొత్తపేటలో, అంటే ఊళ్ళో ఆసుపత్రులన్నీ పోగుపడిన చోట, మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ తీర్పు నాకు రోజూ ఏదో ఒక గొంతులో వినిపిస్తుంది. చీటీ ఉన్నా లేకపోయినా అడిగేది యాసిడ్ తగ్గించే అదే బిళ్ళ: "పాన్ 40 ఒక షీటు ఇవ్వండి, గ్యాస్ పట్టేసింది."

మిరపకాయ తరఫున వకాల్తా పుచ్చుకుందామని కాదు ఇది రాస్తున్నది. మిర్చి యార్డులో నాకు కమీషన్ కొట్టేమీ లేదు. నా గొడవ ఇంకోటి. మన కడుపుల గురించి మనం గట్టిగా నమ్మే సంగతుల్లో చాలావాటిని ఎవరూ మన కడుపుల్లో చూసి చెప్పలేదు. కొన్ని ఎలుకల్లో చూశారు, కొన్ని యూరప్, అమెరికా, జపాన్ మనుషుల్లో చూశారు, మిగతావి అమ్మమ్మలు చెప్పారు. ఇప్పుడు మనిషి జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కతో, ఆ మనిషి కణాలతోనే, ల్యాబులో బుల్లి జీర్ణాశయాలు పెంచుతున్నారు. వాటిని ఆర్గనాయిడ్లు అంటున్నారు. తెలుగులో వాటి గురించి నా కంటపడిన వార్తలన్నీ "ల్యాబులో కడుపు తయారు!" అని నోరెళ్ళబెట్టడం దగ్గరే ఆగిపోయాయి. నేను అడిగేది చిన్నది. గుంటూరు, విజయవాడ ఎండోస్కోపీ గదుల్లో రోజూ తీస్తున్న ముక్కల్లో కొన్నిటినైనా చావనివ్వకుండా దాచాలి. ఆ మనిషిని అడిగి దాచాలి.

ఎందుకో చెప్పాలంటే ముందు ఎలుకల దగ్గరికి వెళ్ళాలి.

ఎం.ఫార్మసీలో నాది ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే చదువు. గుంటూరు చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీలు ఎన్ని ఉన్నాయో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. వాటిలో ఏ లైబ్రరీకి వెళ్ళి థీసిస్‌ల బీరువా తెరిచినా, ఫలానా చెట్టు ఆకు సారానికి అల్సర్ తగ్గించే గుణం ఉందని చెప్పే నల్ల అట్టల పుస్తకాలు వరసగా కనిపిస్తాయి. నాదీ వాటిలో ఒకటి. చెట్టు మారుతుంది గానీ పద్ధతి మారదు. విస్టార్ అనే ల్యాబు రకం ఎలుకల్ని పస్తు పెట్టి, మత్తిచ్చి, పొట్ట కోసి, జీర్ణాశయం అయిపోయి చిన్నపేగు మొదలయ్యే చోట దారంతో ముడి వేస్తాం. కుట్లు వేసి కొన్ని గంటలు వదిలేస్తాం. లోపల యాసిడ్ ఊరుతుంది, బయటికి దారి లేదు. తర్వాత ఎలుకని చంపి, జీర్ణాశయాన్ని పెద్ద వంపు వెంట కత్తిరించి, కడిగి, కార్కు పలక మీద పిన్నులు గుచ్చి పరిచి భూతద్దం పట్టుకుని కూర్చుంటాం. గోడ ఎర్రబడితే 0.5, చుక్కలాంటి పుండు ఉంటే 1, నెత్తుటి చార ఉంటే 1.5. అన్నీ కూడి సగటు తీసి, యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ మందు ఇచ్చిన ఎలుకల పక్కన మన ఆకు తిన్న ఎలుకల్ని నిలబెట్టి గ్రాఫు గీస్తే థీసిస్ అయిపోయినట్టే.

ఈ ముడి పద్ధతిని 1945లో షే అనే అమెరికన్ డాక్టరూ ఆయన బృందమూ పరిచయం చేశారు. యాసిడ్ తగ్గించే పదార్థం ఏదైనా ఈ పరీక్షలో పాసవుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి అది నికార్సయిన పరీక్షే. అయితే కొత్తపేట ఆసుపత్రులకి కడుపు పట్టుకుని వచ్చే మనిషికి ఎవరూ దారంతో ముడి వేయలేదు. అతని పుండుకి కారణాలు ప్రధానంగా రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. రెండోది నొప్పి బిళ్ళలు. మా ఆకు సారాల్లో ఒక్కటీ మందుల షాపు అరలోకి రాకపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ అసలు జబ్బు లేని జంతువులో ఆ జబ్బుకి మందు వెతకడం అన్నది మొదటి కారణం.

పైలోరిని పట్టుకున్న కథలోనూ ఇదే చిక్కు వచ్చింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఆ బ్యాక్టీరియాని పెంచాలని ఎంత ప్రయత్నించినా పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ప్లేట్లు మామూలుకన్నా ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయి, అప్పుడు పెరిగింది. పెరిగింది సరే, అదే జబ్బు తెస్తుందని చూపించేదెలా? పందిపిల్లలకి అంటించి చూస్తే అంటుకోలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. వాంతులయ్యాయి, నోరు కంపు కొట్టింది, ఎండోస్కోపీలో జీర్ణాశయం గోడ వాచి కనిపించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆయన తెగువ దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ గ్లాసు చూస్తే వేరే ఆలోచన వస్తుంది. పైలోరి మనిషి కడుపుకి అలవాటు పడ్డ జీవి, దాన్ని పరీక్షించడానికి మనిషి కడుపు తప్ప ఇంకో చోటు లేకపోయింది. తర్వాత 1997లో చుంచెలుకల్లో బతకగలిగే రకాన్ని తయారు చేశారు, మంగోలియా ఎడారి ఎలుకల్లోనూ పనులు చేశారు. కానీ చుంచెలుక జీర్ణాశయంలో ముందు సగం మనకి లేని భాగం, అందులో యాసిడ్ గ్రంథులే ఉండవు. పైలోరి అంటుకున్నా మనుషులకి వచ్చినట్టు దానికి అల్సర్ రాదు.

మార్షల్ గ్లాసు పట్టుకోవాల్సి వచ్చిన ఆ ఖాళీలోకే ఆర్గనాయిడ్ వచ్చింది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హన్స్ క్లెవర్స్ ప్రయోగశాల 2007లో పేగు గోడలో మూలకణాలని, అంటే కొత్త కణాలని పుట్టించే కణాలని, గుర్తించింది. 2009లో అక్కడే తోషిరో సాటో ఆ మూలకణం ఒక్కదాన్నించి చిన్నపేగు గోడని పోలిన నిర్మాణాన్ని పెంచి చూపించాడు. 2010లో ఎలుక జీర్ణాశయం కణాలతో, 2015లో మనిషి జీర్ణాశయం కణాలతో అదే పని జరిగింది. ఇది ఒక దారి. రెండో దారి అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో జేమ్స్ వెల్స్ బృందానిది. వాళ్ళు జీర్ణాశయం ముక్కతో మొదలుపెట్టరు. ఏ అవయవంగానైనా మారగల మూలకణాలని తీసుకుని, గర్భంలో పిండానికి ఏ రోజున ఏ రసాయన సంకేతం అందుతుందో అదే క్రమంలో అందిస్తూ, నెల దాటేసరికి జీర్ణాశయం కింది భాగాన్ని పోలిన కొద్ది మిల్లీమీటర్ల గోళాన్ని తయారు చేశారు. అది 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. యాసిడ్ ఊరే పై భాగం మాత్రం ఇంకో మూడేళ్ళు సతాయించి 2017లో లొంగింది.

నాకు మొదటి దారి మీద మోజెక్కువ. అది రోగి దగ్గర మొదలవుతుంది కాబట్టి. ఎండోస్కోపీ గొట్టం చివర చిన్న పట్టకారు ఉంటుంది, అది రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కని గిల్లుతుంది. ఆ ముక్కని చల్లని ద్రవంలో వేసి, కడిగి కడిగి జిగురు వదిలించి, కణాల మధ్య పట్టు సడలించే రసాయనంలో నానబెడతారు. తర్వాత గాజు పలక కింద మెల్లగా నొక్కితే గోడలోంచి గ్రంథులు, కన్ను సన్నగా చేసుకుని మైక్రోస్కోపులో చూస్తే పొట్టి గొట్టాల్లా, విడివడి తేలతాయి. వాటిని మాట్రిజెల్ అనే జెల్‌లో కలుపుతారు. ఐసు మీద ఉన్నంతసేపూ అది నీళ్ళలా ఉంటుంది, ఒంటి వేడికి గట్టిపడుతుంది. అందుకని పిపెట్ మొనని కూడా ముందే చల్లబరుచుకుని గబగబా చుక్కలు పెట్టాలి, ఆలస్యమైతే మొనలోనే పేరుకుంటుంది. చుక్క గట్టిపడ్డాక పైన పోషక ద్రవం పోస్తారు. అందులో మూలకణాన్ని మూలకణంగా నిలబెట్టే ప్రొటీన్లు, ఎదగమని చెప్పే ప్రొటీన్లు, మన ఒంట్లో ఉండే గ్యాస్ట్రిన్ అన్నీ ఉంటాయి. రోజుల్లో గొట్టాల మూతులు మూసుకుపోయి బోలు గోళాలవుతాయి. కొన్ని కణాలు జిగురు తయారు చేస్తాయి, కొన్ని పెప్సిన్ అనే జీర్ణ ఎంజైముకి ముడిసరుకు తయారు చేస్తాయి. గోళాలని విడగొట్టి మళ్ళీ పెంచవచ్చు, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఏళ్ళ తరబడి దాచవచ్చు, కావలసినప్పుడు మళ్ళీ లేపవచ్చు.

ఇందులో ఒక వెటకారం ఉంది. ఎలుకలు అక్కర్లేని పరిశోధన అని గొప్పగా చెప్పుకునే ఈ పద్ధతిలో, ఆ మాట్రిజెల్ వచ్చేది ఎలుకల్లో పెంచిన ఒకరకం కణితి నుంచి. బదులుగా కృత్రిమ జెల్‌లు వస్తున్నాయి గానీ ఇంకా ఎక్కువమంది దాన్నే వాడుతున్నారు.

ఇంకో తిరకాసు గోళం ఆకారంలో ఉంది. జీర్ణాశయం గోడలో అన్నం తగిలే వైపు గోళంలో లోపలికి తిరిగి ఉంటుంది. పైలోరి వచ్చేది ఆ వైపు నుంచే. అందుకని సన్నటి గాజు సూదితో గోళం గోడని పొడిచి, లోపలి బోలులోకి బ్యాక్టీరియాని ఎక్కిస్తారు. గోళాన్ని తిరగేసి లోపలి వైపు బయటికి వచ్చేలా చేసే పద్ధతి తర్వాత వచ్చింది. 2021లో లండన్, ఇటలీ శాస్త్రవేత్తలు కలిసి, అలా తిరగేసిన పిల్లల జీర్ణాశయం ఆర్గనాయిడ్లకి కోవిడ్ వైరస్ సోకుతుందని చూపించారు.

సరే, ఇంత చేసి తెలుసుకున్నదేమిటి? 2014 ప్రయోగంలో బ్యాక్టీరియాని ఎక్కించిన 24 గంటల్లోనే అది గోడకి అతుక్కుని, కాగ్ఏ అనే తన ప్రొటీన్‌ని మనిషి కణంలోకి సూదిమందులా పంపింది. ఆ కాగ్ఏ లోపల మెట్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంది, కణాలు మామూలుకన్నా జోరుగా విభజన మొదలుపెట్టాయి. పైలోరిని 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం మొదటి వర్గం కేన్సర్ కారకాల్లో చేర్చింది. ఆ దారిలో మొదటి అడుగుని మనిషి కణాల్లో కళ్ళారా చూడటం వేరు. 2015 ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. గోడ పైభాగంలో ఉండే కణాలు పైలోరి వచ్చినా పెద్దగా పట్టించుకోలేదు, గ్రంథి లోతుల్లో ఉండే రకం కణాలు మాత్రం గట్టిగా స్పందించి వాపు సంకేతాలు పంపాయి. ఒకే గోడ, ఒకే శత్రువు, కణాన్ని బట్టి జవాబు మారిపోయింది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది స్టాన్‌ఫర్డ్‌లో మాన్యుయెల్ అమియెవా బృందం 2015లో చూపించినది. అంత యాసిడ్‌లో పైలోరికి గోడ ఎటువైపు ఉందో ఎలా తెలుస్తుంది? ఆర్గనాయిడ్ కణాల నుంచి ఊరే యూరియా వాసన పట్టి అటు ఈదుతుందట. తన చుట్టూ ఉన్న యూరియాని తన ఎంజైముతో నాశనం చేసుకుంటూ పోతుంది, దానివల్ల దూరం నుంచి వచ్చే కొద్దిపాటి యూరియా కూడా దానికి స్పష్టంగా తెలుస్తుంది. మన ఎండోస్కోపీ గదిలో ముక్కని పసుపు రంగు జెల్‌లో వేసి, గులాబీ రంగుకి తిరిగితే "పైలోరి పాజిటివ్" అని రాస్తారే, ఆ రంగు మార్చేది కూడా ఇదే ఎంజైము. (అన్నట్టు, పాన్ 40 లాంటివి వాడుతూ ఈ పరీక్షకి వెళ్తే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. రెండు వారాల ముందు ఆపమంటారు. ఎండోస్కోపీ చీటీ చేత్తో పట్టుకుని "పొద్దున కూడా వేసుకునే వచ్చానండి" అనేవాళ్ళకి నేను ఇది చెప్పి చెప్పి అలిసిపోయాను.)

ఇక మిరపకాయ సంగతి. 1988లో హ్యూస్టన్‌లో డేవిడ్ గ్రాహం అనే వైద్యుడు ఆరోగ్యవంతులకి చప్పిడి భోజనం, ఆస్పిరిన్ కలిపిన చప్పిడి భోజనం, బాగా కారంగా ఉన్న మెక్సికో భోజనం విడివిడిగా పెట్టి, తర్వాత ఎండోస్కోపీ చేసి చూశాడు. జీర్ణాశయం గోడ చెదిరింది ఆస్పిరిన్‌తో. కారంతో కాదు. దీనికి తోడు నేను రోజూ చూసేది ఒకటుంది. యార్డులో సీజన్ నడిచినన్నాళ్ళూ టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసి మోసి నడుము పట్టేసిన ముఠా కూలీలు నొప్పి బిళ్ళల కోసం వస్తారు. పరగడుపునే ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకునేముందు ఒకటి. కొన్నాళ్ళకి కడుపులో మంట మొదలవుతుంది. "మిరపకాయల మధ్యే బతుకుతున్నాం కదా, ఘాటు లోపలికి పోయింది తమ్ముడూ" అంటారు. నడుము నొప్పి బిళ్ళ పేరు మాత్రం ఎత్తరు, అది వాళ్ళ లెక్కలో మందే గాని ముద్దాయి కాదు. ఘాటుకి దగ్గూ తుమ్మూ వస్తాయి, ఒప్పుకుంటాను. పుండు మాత్రం బిళ్ళ పనే కావడానికి అవకాశం చాలా ఎక్కువ.

మరి కారం తింటే మండటం అబద్ధమా? కాదు. మిరప ఘాటుని పట్టుకునేది నరాల కొసల్లో ఉండే ఒక గ్రాహకం. దాన్ని డేవిడ్ జూలియస్ 1997లో కనిపెట్టాడు, 2021లో నోబెల్ అందుకున్నాడు. అజీర్తి ఉన్నవాళ్ళకి ఆ నరాలు ఇంకాస్త చురుగ్గా ఉంటాయి, మంట నిజంగానే తెలుస్తుంది, పుండు లేకపోయినా తెలుస్తుంది. మరీ విపరీతంగా కారం తినేవాళ్ళలో జీర్ణాశయ కేన్సర్ ఎక్కువేమో అని మెక్సికోలో 1994లో వచ్చిన ఒక అధ్యయనం అనుమానం లేపింది కూడా. ఆ ఫైలు ఇంకా మూయలేదు. ఇక్కడే ఆర్గనాయిడ్ చేతులెత్తేస్తుంది. అందులో గోడ కణాలే ఉన్నాయి, నరాలు లేవు. గుంటూరు కారం తెచ్చి ఆ గోళం మీద పోసినా దానికి మంట తెలియదు. రక్తనాళాలు లేవు, కండరం లేదు, తెల్లకణాలు లేవు. పైలోరి జబ్బులో సగం నష్టం మన తెల్లకణాలు దానిమీద చేసే దండయాత్ర వల్ల జరిగేదే, కాబట్టి ఈ లోటు చిన్నది కాదు. వెల్స్ బృందం 2022లో నరాలూ కండరమూ కలిపిన జీర్ణాశయం ఆర్గనాయిడ్‌ని చూపించింది, తెల్లకణాలని పక్కన చేర్చి పెంచే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. అయినా "ల్యాబులో కడుపు" అనే మాట ఈరోజుకి అబద్ధమే. అది కడుపు గోడకి వేసిన లోపలి పొర మాత్రమే.

అంత లోటున్నా ఎందుకు కావాలంటున్నానంటే, మన దగ్గర ఒక చిత్రమైన ప్రశ్న జవాబు లేకుండా పడి ఉంది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా పైలోరి ఉంటుంది. మన దగ్గరి రకాల్లో కాగ్ఏ ఉన్నవే ఎక్కువ. లెక్క ప్రకారం జపాన్, కొరియాల్లోలాగా ఇక్కడా జీర్ణాశయ కేన్సర్ విరివిగా ఉండాలి. లేదు. దేశం మొత్తం మీద తక్కువే. అదే మిజోరం వెళ్తే దేశంలోకెల్లా ఎక్కువ. ఉత్తరాదికన్నా దక్షిణాదిలో ఎక్కువ. ఎందుకు? మన పైలోరి కాగ్ఏ వేరా, మన కడుపు కణాలు వేరా, తిండా, చిన్నప్పటి నుంచి కడుపులో మోసిన నులిపురుగులా? మిజోరంలో పొగబెట్టిన మాంసం, పొగాకు పొగ పట్టించిన నీళ్ళు తాగే అలవాటు వైపు వేళ్ళు చూపిస్తున్నారు. ఈ ప్రశ్నని ముక్కలు చేసి అడగడానికి ఆర్గనాయిడ్‌ని మించిన సాధనం నాకు కనబడలేదు. గుంటూరు మనిషి గోళంలోకి గుంటూరు పైలోరిని ఎక్కించు, అదే గోళంలోకి జపాన్ పైలోరిని ఎక్కించు. తర్వాత మిజోరం రాజధాని ఐజాల్ మనిషి గోళంలో రెండిటినీ ఎక్కించు. తేడా బ్యాక్టీరియాతో వచ్చిందో మనిషితో వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. డచ్చివాళ్ళ కణాలతో ఎన్ని వందల గోళాలు పెంచినా ఈ ప్రశ్నకి అవి జవాబు చెప్పలేవు.

మన ముక్కలు ఏమవుతున్నాయో చూడండి. పట్టకారుతో తీయగానే ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఫార్మలిన్ పడగానే కణం చస్తుంది. రోగనిర్ధారణకి అదే కావాలి, ఆకారం చెడకుండా నిలబడుతుంది, పాథాలజిస్టు పలచటి పొరలు కోసి రంగు వేసి చూస్తాడు. అందులో తప్పేం లేదు. నేననేది, తీస్తున్న నాలుగైదు ముక్కల పక్కన ఇంకొక్కటి తీసి దాన్ని ఫార్మలిన్ బదులు చల్లని పోషక ద్రవంలో వేస్తే చాలని. గదిలో మారేది ఆ సీసా ఒక్కటే. ఐసు డబ్బాలో ఉంచితే ఒక రోజు వరకు ఆ కణాలు పనికొస్తాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు, రాత్రి బస్సులో వేసిన ఆవకాయ జాడీ పొద్దున్నకల్లా అమీర్‌పేటలో దిగుతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ దగ్గర, జంతువుల బదులు మనిషి కణాలతో పరీక్షలు చేసే పద్ధతుల కోసమే ఒక కేంద్రం ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు కంటి ఆర్గనాయిడ్లు పెంచుతున్నారు. అంటే చేతనైనవాళ్ళు లేకపోలేదు. దూరమెందుకు, గుంటూరుకీ విజయవాడకీ మధ్యలో మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ద్రవ నైట్రోజన్ డబ్బా, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు, ఆ ఖరీదైన ప్రొటీన్లకి ఏటా నిధులు ఉంటే కోస్తా జిల్లాల కడుపులకి అక్కడే ఒక బ్యాంకు పెట్టుకోవచ్చు. 2023 మార్చిలో కేంద్రం కొత్త మందుల నిబంధనలని సవరించి, ఆర్గనాయిడ్ల లాంటి పద్ధతుల్ని జంతువుల పరీక్షలకి ప్రత్యామ్నాయంగా గుర్తించింది కూడా. మా ఫార్మసీ కాలేజీల్లో ఆ ముడులు వేయించడం మాని ఈ చుక్కలు పెట్టడం నేర్పితే పిల్లలకి ఉద్యోగాలకీ పనికొస్తుంది.

ఇది చెప్తే ఒక మిత్రుడు, ఆయనా కడుపు డాక్టరే, మొహం మీదే అన్నాడు: "పైలోరిని చంపే మందుల కిట్టు 14 రోజులు పూర్తిగా వాడేవాళ్ళు లేరు, నువ్వు గోళాల గురించి మాట్లాడుతున్నావు." ఆయన మాటలో పస ఉంది. కిట్టు పట్టుకెళ్ళినవాళ్ళు నాలుగో రోజున వచ్చి నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టు ఉందని, ఆపేశామని చెప్తారు. సగంలో ఆపితే బ్యాక్టీరియా మందుకి అలవాటు పడుతుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్‌కి మన దేశంలో పైలోరి ఇప్పటికే బాగా మొండికేసింది. ఆ సమస్యకి ఆర్గనాయిడ్ అక్కర్లేదు, రోగి దగ్గర రెండు నిమిషాలు కూర్చుని చెప్పే మనిషి కావాలి. కానీ ఒకటి ఆగితేనే ఇంకోటి చేయాలన్న నియమం ఎక్కడుంది? ఎండోస్కోపీ యంత్రం వచ్చిన కొత్తలో కూడా ముందు మంచినీళ్ళు ఇవ్వండి అనే ఉంటారు. మంచినీళ్ళూ కావలసిందే, యంత్రమూ కావలసిందే.

రోగికి నేరుగా లాభం ఉందా అంటే, కేన్సర్‌లో కొంత ఉండొచ్చు. 2018లో లండన్ పరిశోధకులు ముదిరిన జీర్ణవ్యవస్థ కేన్సర్ల నుంచి ఆర్గనాయిడ్లు పెంచి, వాటి మీద మందులు వేసి, అవే మందులు ఆ రోగుల్లో ఏం చేశాయో పోల్చారు. గోళంలో పనిచేయని మందు రోగిలో ఒక్కసారీ పనిచేయలేదు. గోళంలో పనిచేసినది 88 శాతం సందర్భాల్లో రోగిలోనూ పనిచేసింది. పోల్చిన రోగులు కొద్దిమందే. పైగా గోళాలు పెరగడానికి వారాలు పడుతుంది, కొందరి కణాలు అసలు పెరగవు, ముదిరిన జీర్ణాశయ కేన్సర్ ఉన్న మనిషికి ఆ వారాలు ఉంటాయో లేదో. రేపు ఎవరైనా కార్పొరేట్ ఆసుపత్రి బోర్డు మీద "మీ కేన్సర్‌కి మీ ఆర్గనాయిడ్‌తో మందు" అని రాసి లక్షలు అడిగితే, ఈ పేరా గుర్తుపెట్టుకోండి.

అసలు భయపడాల్సింది అనుమతి దగ్గర. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి ఆమెని అడక్కుండా తీసిన కణాలు ప్రపంచమంతా తిరిగాయి, కంపెనీలు సంపాదించుకున్నాయి, ఆమె కుటుంబంతో ఒక కంపెనీ రాజీకి వచ్చింది 2023లో. అంత దూరం వద్దనుకుంటే ఖమ్మం ఉంది. 2009లో, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, అక్కడి ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తూర్పారబట్టింది. టీకా మంచిదే, ఇప్పుడు అందరూ వేయించుకోమంటున్నదే. సంతకం దొంగిలించబట్టి మంచి టీకా మీద ఏళ్ళ తరబడి అనుమానం అంటుకుంది.

ఆర్గనాయిడ్‌కి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఫార్మలిన్ ముక్క చచ్చిన ముక్క. గోళం మాత్రం బతికే ఉంటుంది, పెరుగుతుంది, పంచితే పదిచోట్లకి పోతుంది, దానిలో ఆ మనిషి జన్యువులు మొత్తం ఉంటాయి. ఎండోస్కోపీకి పరగడుపున వచ్చి, గొంతులో మందు కొట్టించుకుని, గాభరాగా బల్ల మీద పడుకున్న మనిషి చేతికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి బాబాయ్" అంటే అది అనుమతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో జీవ నమూనాల బ్యాంకుల గురించి, అనుమతి గురించి వివరంగానే ఉంది. అది బల్ల దాకా రావాలి. ఓపీలో, ముందురోజే, తెలుగులో. అందుకని నేనే ఒక ముసాయిదా రాసి కౌంటరు మీద పెట్టుకున్నాను: మీ జబ్బు పరీక్షకి కావలసిన ముక్కలు కాక ఇంకొక్క చిన్న ముక్క తీస్తాం, కొద్దిగా నెత్తురు కారే అవకాశం ఉంది. దాన్ని చావనివ్వకుండా పెంచుతాం, వేరే ఊళ్ళకీ కంపెనీలకీ పంపవచ్చు, పంపకూడదంటే ఇక్కడ గీత కొట్టండి. వద్దన్నా మీ వైద్యంలో ఏ తేడా ఉండదు, తర్వాత మనసు మారినా చెప్పవచ్చు.

డాక్టరు మిత్రుడు చదివి, ఇంత రాస్తే ఎవడూ సంతకం పెట్టడన్నాడు. యార్డులో పనిచేసే ఒక పెద్దాయన, కడుపు నొప్పికి మాత్రల కోసం వచ్చినవాడు, కొడుకు చేత చదివించుకుని విన్నాడు. "తీసుకోండి, దానికేముంది. కానీ దాన్నిబట్టి ఏం తేలిందో నాకు ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకపోతే మట్టుకు ఊరుకోను" అన్నాడు. ఆ వాక్యం నా ముసాయిదాలో లేదు, ఆయన ముందే పెన్ను తీసి చేర్చాను. ఫోన్ ఎవరు చేయాలి, జీతం ఎవరివ్వాలి అన్న దానిమీద డాక్టరు గారూ నేనూ ఇంకా తగువులాడుకుంటున్నాం.